సగంతోకదాని వెంట్రుకలు

కోతుల తోకలు కొలుస్తాను. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఇదే. అడిగినవాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. మా అవ్వ మాత్రం ఏనాడూ నవ్వలేదు. నేత సాంచెల చప్పుడు మధ్య పుట్టి, ఆ చప్పుడులోనే నన్ను కని పెంచి, బాపు మరమగ్గం మీద రెక్కలు ముక్కలు చేసుకున్న కష్టంతో నన్ను పైచదువులకు పంపిన మనిషి ఆవిడ.

"గింత సదువు సదివి కోతుల ఎంబడి తిరుగుడేందే? వాడకట్టోళ్ళు అడిగితే నేనేం జెప్పాలె?" అనేది.

"జీవశాస్త్రంల పరిశోధన అని జెప్పవే" అన్నాను.

ఆ మాట ఆవిడ నోటికి పట్టలేదో, అసలు నచ్చనే లేదో, వాడకట్టంతా నేను పశువుల డాక్టర్నని చెప్పేసింది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు బర్రె మేత ముట్టడం లేదంటూ వచ్చి గుమ్మంలో నిలబడేవారు. నాకు బర్రెల గురించి ఏమీ తెలియదు. కోతుల గురించి తెలుసు, బాగా తెలుసు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఊళ్ళ మీద పడి ఆగం చేసే కోతులన్నీ ఒక్కటే అనుకుంటారు జనం. ఒక్కటి కావు. మా గోదావరికి దక్షిణాన, అంటే మంథని, పెద్దపల్లి వైపు ఉండేది టోపీ కోతి. సన్నటి ఒళ్ళు, నెత్తి మీద పాపిడి తీసి చుట్టూ దువ్వినట్టు జుట్టు, ఒంటికంటే పొడుగు తోక. నదికి ఉత్తరాన, మంచిర్యాల దాటి ఆదిలాబాద్ అడవుల్లో ఉండేది ఎర్రకోతి. గట్టి పిండం, వెనక భాగమంతా ఎర్రటి ఛాయ, తోక ఒంట్లో సగం. రెండూ మకాక్ అనే ఒకే పెద్ద కుటుంబంలోవి. ఆ కుటుంబం పెద్దలు ఏనాడో ఆఫ్రికా నుంచి బయలుదేరారు. ఒక్క జాతి మాత్రం అక్కడే ఉండిపోయింది. మిగతావి ఆసియా అంతా పరుచుకున్నాయి. మంచులో బతికేవి ఉన్నాయి, సముద్రం ఒడ్డున పీతలు ఏరుకుని తినేవి ఉన్నాయి, తోక ఉందా లేదా అని వెతుక్కోవలసినవీ ఉన్నాయి. ఒక్క కుటుంబంలో ఇన్ని రకాల తోకలు ఎందుకు వచ్చాయన్నదే నన్ను ఈ పనిలోకి లాగింది.

మా రెండు కోతులూ అక్కాచెల్లెళ్ళు కూడా కావు. వేరువేరు కొమ్మలకు చెందిన దూరపు చుట్టాలు. లక్షల ఏళ్ళ కిందటే దారులు విడిపోయాయి. వాటి మధ్య గోదావరి గోడలా నిలబడిందని పుస్తకాల్లో రాసి ఉంటుంది. గోడకు అక్కడక్కడ కంతలు పడ్డాయి, అది వేరే సంగతి. నేను తిరిగిన ఒడ్డు పొడవునా మాత్రం ఆ గీత ఇంకా గట్టిగానే ఉంది. ఆ గీతను మనుషులు చెరిపేస్తున్నారని నేను మొత్తుకుంటూ వచ్చాను. వినేవాళ్ళు లేరు.

మా ఆయనది నస్పూర్‌లో బొగ్గుబాయి ఉద్యోగం. ఇల్లు నదికి ఆదిలాబాద్ ఒడ్డున, నా పని కరీంనగర్ ఒడ్డున. జిల్లాలు ఎన్ని ముక్కలైనా మా నోళ్ళలో ఆ రెండు ఒడ్లకూ ఇంకా ఆ పేర్లే. రెండు ఒడ్లా గుట్టగుట్టకూ తిరిగి కోతుల మలం సీసాల్లోకి ఎత్తుకొచ్చేదాన్ని. ఏ గుంపు ఏ తల్లివరస నుంచి వచ్చిందో దాన్నిబట్టి ప్రయోగశాలలో తేల్చవచ్చు. సీసాలు చల్లగా ఉండాలి కాబట్టి ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని.

"పెరుగు గిన్నె యాడ పెట్టాలె తల్లీ? మీ కోతులు జర జరుగుతయా?" అనేవాడు మా ఆయన, డ్యూటీ నుంచి వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి.

"కింది అర నీది, పై అర నాది. గంతే" అనేదాన్ని.

వారంలో సగం రోజులు నేను మంథని దగ్గర ఒక ఊళ్ళో ఉండేదాన్ని. పేరు చెప్పను, చెబితే ఆ ఊరి సర్పంచ్ నాతో మాట్లాడడు. ఆ ఊరి గుంపు పూర్తిగా టోపీ కోతుల గుంపు, ఒక్కదాన్ని మినహాయిస్తే. ఆ ఒక్కదాన్ని ఊరివాళ్ళు సగంతోకది అనేవాళ్ళు. నేను అక్కడికి చేరేనాటికే అది ఈడుకొచ్చిన ఆడకోతి. తోక అటు పొడుగూ కాదు, ఇటు పొట్టీ కాదు. పాపిడి ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. ఎండలో వెనక్కి తిరిగి కూర్చుంటే నడుము కింద లేత ఎరుపు మెరిసేది. మొదటిసారి బైనాక్యులర్స్‌లో చూసిన రోజు చీకటి పడేదాకా దాని వెనకే తిరిగాను. రెండు ఒడ్ల రక్తమూ కలిసిన పిల్ల అది. అందులో నాకు రవ్వంత అనుమానం లేదు.

అది ఎప్పుడూ గుంపుకు ఒక పక్కన కూర్చునేది. కోతుల్లో తల్లి హోదాయే కూతురి హోదా. తల్లి, అమ్మమ్మ, పెద్దమ్మలు వెనక ఉన్న ఆడకోతి జోలికి ఎవరూ పోరు. దీనికి ఎవరూ లేరు. పేలు చూసేవాళ్ళు లేరు, కొట్లాటలో అడ్డం వచ్చేవాళ్ళు లేరు. దొరికిన మక్కకంకిని చేతిలో పట్టుకుని తినదు, బుగ్గలో కుక్కుకుని దూరంగా పోయి తింటుంది.

అది ఎలా పుట్టిందో నేను తేల్చుకున్నాను. అవతలి ఒడ్డు నుంచి ఒక ఎర్ర మగకోతిని ఎవరో బండిలో తెచ్చి వదిలారు, అది ఈ గుంపులో చేరి ఈ పిల్లకు తండ్రయింది. ఎందుకంటే మా దగ్గర ఒక పద్ధతి మొదలైంది. సర్పంచ్ ఎన్నిక వస్తే చాలు, నిలబడ్డ ప్రతివాడూ ముందు ఇచ్చే మాట కోతుల్ని పట్టిస్తానని. సీసీ రోడ్డు తర్వాత, మురుగు మోరీలు తర్వాత. గెలిచాక బోనులవాళ్ళను పిలిపిస్తారు, పట్టిస్తారు, బండెక్కిస్తారు. తర్వాత ఎక్కడ వదలాలి? వంతెన అవతల! ఈ ఒడ్డువాళ్ళు ఆ ఒడ్డున వదులుతారు, ఆ ఒడ్డువాళ్ళు ఈ ఒడ్డున వదులుతారు. మా ఊళ్ళో పీడ పోయిందని ఇద్దరూ టపాకాయలు కాలుస్తారు. నస్పూర్ బస్సులో కూర్చుని నా కళ్ళతో చూశాను, పొద్దున్నే వంతెన మీద బోనుల బండ్లు ఒకదానికొకటి ఎదురొచ్చి దారి ఇచ్చుకోవడం.

ఇప్పుడు సగంతోకదాని ఊరికీ ఆ వంతు మళ్ళీ వచ్చింది. కొత్త సర్పంచ్ కుర్రవాడు, ట్రాక్టర్ యజమాని, మాట తప్పడని పేరు తెచ్చుకోవాలని ఆరాటపడేవాడు. మక్కలు ఎత్తగానే గుంపు మొత్తాన్నీ పట్టించి అవతలి ఒడ్డుకు పంపాలని ఏర్పాట్లు చేశాడు. పంపితే ఏమవుతుందో నాకు తెలుసు. కొత్త చోట పాత గుంపులు వీటిని కరిచి తరుముతాయి. ఇవి రోడ్డెక్కుతాయి, లారీల కింద పడతాయి, మిగిలినవి ఎర్రకోతుల్లో కలుస్తాయి. ఈ ఒడ్డున ఆ గుంపు ఉండదు, ఏ ఒడ్డునా ఆ గీత ఉండదు.

ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళాను. మంచివాడే, కానీ కాగితం మనిషి.

"తోక పొడుగు చూపెట్టి ఆపమంటే ఎట్ల మేడం? కొట్లాటల తెగిందంటరు, పుట్టుకతోనే గంతే అంటరు. అవతలి ఒడ్డు రక్తం ఉన్నదని పరీక్షల తేలితే చెప్పండి, ఒక్క కోతి వంతెన దాటకుండ నేను రాస్త. పట్టినయాటికి పిల్లలు కాకుండ ఆపరేషన్ చేసి మళ్ళ ఈడ్నే ఇడిసేటట్టు చేస్త" అన్నాడు.

అదీ సమస్య. సగంతోకదాని మలం పట్టుకుని పరీక్షకు పంపాను. మా ఎండలు తెలిసినవే కదా, బండ మీద పడింది పడ్డట్టే మాడిపోతుంది. పనికిరాదని తిప్పి పంపారు. మళ్ళీ ప్రయత్నిస్తే అది తుమ్మల్లోంచి దిగదు. మక్కలేమో కోతకొచ్చాయి.

ఆ ఊళ్ళో నేను దిగే ఇల్లు ఒక పెద్దవ్వది. ఒంటి మనిషి, పెద్ద గొంతు. ఇంటి వెనకే మక్కచేను. కోతులకు ఆ ఊళ్ళో ఆవిడంత శత్రువు లేదు. వడిసెల తిప్పి రాయి విసిరితే చెట్టు చివరన తగలాల్సిందే. పులి బొమ్మ ఉన్న దుప్పటి తెచ్చి చేనుగట్టున కట్టింది. కోతులు రెండు రోజులు దూరం నుంచి చూశాయి, తర్వాత దాని మీదే కూర్చుని పేలు చూసుకున్నాయి.

"ఎర్రయాటిని గుడ మా మీదికి తోలిన్రు సూడు, ఆళ్ళ చేతులు ఇరగ! ఆళ్ళ బండి గోదాట్ల బడ!" అని వాకిట్లో నిలబడి శాపనార్థాలు పెట్టేది.

ఆవిడ పుట్టింది ఆదిలాబాద్ ఒడ్డున, నది దాటి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. తల్లి పోయిన తర్వాత అటు వెళ్ళనే లేదు. తమ్ముడు ఉన్నాడు, ఫోన్ చేస్తాడు. ఫోన్‌లో ఆయన మాటలు నాకూ వినబడేవి, ఇద్దరివీ ఒకే గొంతులు. "మా ఊళ్ళె కోతుల పీడ లేదక్కా, ఎన్నడో పట్టిచ్చి పారేసిన. గుట్ట మీద నాలుగైదు మిగిలినయి గని, కిందికి దిగయి" అని గొప్పలు పోయేవాడు. ఈవిడ ప్రతిసారీ చివర్లో ఒకటే అడిగేది: "అవ్వ ఇల్లు సూడబుద్ధయితుందిరా, ఒక్కసారి తీస్కపో." ఆయన ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు: "బండి దొర్కలే అక్కా. దొర్కంగనే వస్త." ఫోన్ పెట్టేసి ఆవిడ వాకిట్లో నీళ్ళ గాబు కడిగేది.

అలాంటి రోజుల్లో, బోనులు రావడానికి ఇంకా వారం ఉందనగా, పెద్దవ్వ ఇంటి ముందరి కరెంటు తీగల మీద సగంతోకది కాలిపోయింది. నేను పెద్దపల్లిలో ఉన్నాను. సర్పంచ్ ఫోన్ చేసి "మేడం, మీ సగంతోకది పోయింది" అన్నాడు. ఇంట్లో మనిషి పోయినట్టే చెప్పాడు. ముందు దాని మీద జాలి, ఆ వెనకే, అబద్ధం ఎందుకు, నా పరీక్ష గురించి ఆత్రం. రేంజ్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి అడిగాను. "ఊరోళ్ళు ఒప్పుకుంటే తీసుకోండి, లొల్లి మాత్రం కానీయకండి" అన్నాడు.

నేను వెళ్ళేసరికి డప్పులు మోగుతున్నాయి. మా దిక్కు పద్ధతి అది. కోతి చస్తే మనిషికి చేసినట్టే చేస్తారు. ఏ ఇంటి ముందు చస్తే ఆ ఇంటి సావు. సగంతోకదానికి స్నానం చేయించి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్త బట్ట కప్పి, కుర్చీలో కూర్చోబెట్టారు. ట్రాక్టర్‌కు పూలు కట్టారు. మంగలిని పిలిపించారు, కుర్రవాళ్ళు గుండ్లు చేయించుకుంటున్నారు. కుర్చీ పక్కన పెద్ద కర్మ చేసేదానిలా పెద్దవ్వ కూర్చుని ఉంది, కళ్ళు ఎర్రగా.

పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "పెద్దవ్వా, దీని చెవి కొస కొంచెం గావాలె. గోరంత. పరీక్షకు."

డప్పు ఆగింది. నేను మెల్లగానే అడిగాననుకున్నాను మరి.

"ఏందీ? చెవి కోస్తవా? ఆంజనేయసామి ఒంటి మీద కత్తి పెడ్తవా?" పెద్దవ్వ లేచి నిలబడింది. "ఇన్నొద్దులు నా ఇంట్ల బువ్వ తిన్నది గిందుకేనా నువ్వు?"

నా కోపం నా మాట వినదు, చిన్నప్పటి నుంచీ అంతే. "నిన్నటిదాక వడిసెలతో కొట్టినవు గదా! అప్పుడు సామి గాదా?" అనేశాను.

జనం గొణిగారు. సర్పంచ్ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగబోయాడు. పెద్దవ్వ నన్ను తేరిపార చూసి, కోపం లేకుండానే చెప్పింది.

"బతికున్నప్పుడు నా మక్కల దొంగ. సచ్చినంక సామి. రెండు నిజమే. దొంగను కొట్టిన, సామికి మొక్కుతున్న. నీకెందుకు పరేషాన్?"

నేను గొంతు తగ్గించి, జరగబోయేది ఉన్నదున్నట్టు చెప్పాను. వారంలో బోనులు వస్తాయి. ఈ గుంపంతా అవతలికి పోతుంది, సగం చస్తాయి. ఆపాలంటే దీని ఒంట్లో అవతలి రక్తం ఉందని చూపించాలి. చెవి వద్దంటే వద్దు. కుదుళ్ళతో సహా గుప్పెడు వెంట్రుకలు దొరికినా చాలు.

"ఎంటికలా?" పెద్దవ్వ మొహం సడలింది. "గా మాట ముందుగాల అనాలె. ఎంటికలు వేములాడ రాజన్నకు మేమియ్యమా? సామి ఇస్తడు. కని ఊకె తీస్కోవద్దు బిడ్డా. నీయి గుడ ఇయ్యాలె. దానివి నువ్వు తీస్కపోతే, నీయి దానితోని పోవాలె."

అందరూ నా వైపు చూశారు. నేను దేవుడికి దండం పెట్టే మనిషిని కాను, ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. మంగలి కత్తెర తుడుచుకుంటూ "మూడు కత్తెరలేనా, గుండా మేడం?" అని అడిగాడు, నవ్వకుండా.

"మూడు కత్తెరలు" అన్నాను.

పీట మీద కూర్చున్నాను. జడ కొసను మూడుసార్లు కత్తిరించాడు. పెద్దవ్వ తన చేత్తోనే సగంతోకదాని భుజం మీది వెంట్రుకలు కుదుళ్ళతో పీకి నా సీసాలో వేసింది. నా జుట్టును దాని ఒళ్ళో పెట్టి, కొత్త బట్ట సర్దింది. ఇన్నాళ్ళూ దాని పేలు చూసిన చెయ్యి ఒక్కటీ లేదు, ఇవాళ ఊరంతా దాని ఒళ్ళు తడుముతోంది. అక్కడే, అందరి ముందూ, నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. చెరువుగట్టు కింద గొయ్యి తీసి పూడ్చేవరకూ ట్రాక్టర్ వెనకే నడిచాను.

సీసా హైదరాబాద్ ప్రయోగశాలకు చేరింది. బతిమాలాను, బెదిరించాను, రోజూ ఫోన్ చేసి వాళ్ళ ప్రాణం తీశాను. బోనులు వచ్చే రోజు పొద్దున నస్పూర్ నుంచి బస్సులో వస్తుంటే ఫోన్‌లోకి ఫలితం వచ్చింది. చదివి "అరె!" అని గట్టిగా అరిచాను. కండక్టర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది మేడం, పర్సు పోయిందా?"

"లేదు. నా లెక్క తప్పింది" అన్నాను, పట్టలేని సంతోషంతో. ఆయన నన్ను అదోలా చూసి వెళ్ళిపోయాడు.

పంచాయితీ ఆఫీసు ముందు బోనుల బండి ఆగి ఉంది. సర్పంచ్, రేంజ్ ఆఫీసర్, ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు. పెద్దవ్వ అరుగు మీద కూర్చుంది. నేను నిలబడే చెప్పాను.

"సగంతోకది రెండు ఒడ్ల పిల్లనే. పరీక్షల తేలింది. తండ్రి అవతలోడని నేను ఇన్నొద్దులు చెప్పిన. అది తప్పు. తండ్రి ఈడి టోపీ కోతే. అవతలి నుంచి వచ్చింది తల్లి."

"ఎవరైతే ఏంది మేడం?" అన్నాడు సర్పంచ్.

"అక్కడే ఉన్నది కత. మనుషుల్ల ఆడపిల్ల ఇల్లిడిసి పోతది, కోతుల్ల మగది పోతది. మగ కోతి ఈడుకొచ్చినంక వేరే గుంపు ఎతుక్కుంట ఎంత దూరమన్న నడుస్తది. ఎండాకాలం గోదావరి ఎండినప్పుడు దానంతటదే దాటొచ్చిందని మీరు అనొచ్చు, నేను కాదనలేను. కని ఆడ కోతి పుట్టిన గుంపును ఇడిసి యాడికీ పోదు. తల్లి కాడ పుడ్తది, తల్లి కాడనే సస్తది. దాన్ని ఎవలన్న పట్టి, బోన్ల పెట్టి, బండెక్కిచ్చి తెస్తెనే ఈ ఒడ్డుకొస్తది. సగంతోకదానికి ఈ గుంపుల చుట్టాలెవలు లేనిది గందుకే."

రేంజ్ ఆఫీసర్ నా ఫోన్ తీసుకుని ఫలితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు. "ఇగ దీనికి జవాబు లేదు" అని సర్పంచ్ వైపు తిరిగాడు. "ఒక్క కోతి గుడ వంతెన దాటది. ఆపరేషన్ల బండి నేను పంపిస్త. ఈడ పట్టాలె, ఈడ్నే ఇడువాలె. పిల్లలు తక్కువైతె గుంపు దానంతటదే తగ్గుతది."

సర్పంచ్ ఇంకా ఏదో అనబోతుండగా పెద్దవ్వ అరుగు మీద నుంచి అడిగింది. "బిడ్డా, దాని తల్లిది ఏ ఊరో ఎరుకైందా?"

ఎరుకైంది. అవతలి ఒడ్డున నేను చలికాలంలో ఏరిన సీసాల్లో ఒక గుట్ట గుంపు తల్లివరసతో అది అచ్చంగా కలిసింది. బస్సులో అరిచింది అందుకు కూడా. చెప్పాలా వద్దా అని దారంతా కొట్టుకున్నాను. అడిగింది కాబట్టి చెప్పాను. అది పెద్దవ్వ పుట్టిన ఊరి గుట్ట.

పెద్దవ్వ కొంగు ముడిలోంచి ఫోన్ తీసి తమ్ముడికి కలిపింది. పెద్ద గొంతువాళ్ళ ఫోన్లు కూడా పెద్దగానే పలుకుతాయి, అందరికీ వినబడింది.

"తమ్మీ, మీ కోతుల్ని పట్టిచ్చినవు గదా, యాడ ఇడిసిపెట్టిచ్చినవురా?"

"వంతెన దాటిచ్చిన అక్కా. మంథని రోడ్డు పొంటి యాడనో ఇడిసిన్రు. గదిప్పుడెందుకే?"

"ఎందుకా? నా మక్కచేన్ల ఇడిసిన్రు. అవ్వగారింటి నుంచి సారె ఎప్పుడొస్తదా అని నేను ఎదురుసూస్తుంటే, నువ్వు కోతుల్ని పంపినవా?"

జనం గొల్లున నవ్వారు. అవతల తమ్ముడు తడబడ్డాడు. "నాకేమెరుక అక్కా? మీ ఊరోళ్ళు తోలిన టోపీ కోతులు మా దిక్కు ఇండ్ల మీద దునుకుతున్నయి. మరి గవి ఎవలు పంపిన్రు?"

సర్పంచ్ తల దించుకుని "అది పాత సర్పంచ్ పని" అని గొణిగాడు. పెద్దవ్వ అతని మాట వినిపించుకోలేదు.

"అవ్వ పోయిన కాడికెల్లి అడుగుతున్నరా. ఒక్కసారి ఆ ఇల్లు సూపియ్యి, ఆ కడప మీద కూసుండి వస్త అని. బండి దొర్కలే అంటివి. ఎన్నిసార్లడిగినా బండి దొర్కలే అంటివి. కోతులకు దొర్కిందారా నీకు బండి?"

అప్పుడు ఎవరూ నవ్వలేదు. "రేపొస్త అక్కా. రేపే వస్త" అన్నాడు తమ్ముడు.

"నువ్వు రాకు. నేనే వస్తున్న" అని ఫోన్ పెట్టేసి, సర్పంచ్‌ను అడిగింది. "ఈ బోన్ల బండి ఇగ యాడికి పోతది?"

"వాపస్ పోతదవ్వా. మంచిర్యాల దిక్కు."

"ఉత్తదేనా? మరి ఉత్తగెందుకు పోవుడు?"

ఇంట్లోకి వెళ్ళి, చీర మార్చుకుని, మక్కరొట్టెలు గుడ్డలో మూటగట్టుకుని వచ్చి, ముందు సీటు ఎక్కి కూర్చుంది. డ్రైవర్ నా మొహం చూశాడు. నేనూ ఎక్కాను, నా ఇల్లూ అటేగా. కోతులను వంతెన దాటించడానికి వచ్చిన బండి మా ఇద్దరినీ ఎక్కించుకుని కదిలింది. వెనక ఖాళీ బోనులు దారంతా గలగలలాడుతూనే ఉన్నాయి. వంతెన మీద ఆవిడ గోదావరిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా చూసింది.

వంతెన దిగగానే రోడ్డు పక్క గోడ మీద ఎర్రకోతులు వరసగా కూర్చుని ఉన్నాయి. "జర ఆపు" అంది డ్రైవర్‌తో. తర్వాత నన్ను అడిగింది. "గివేనా? దాని తల్లి దిక్కోళ్ళు?"

"గా గుట్టయి గావు గని, ఆ జాతే. అవును."

చాలాసేపు చూసింది. తోకలు చూసింది, ఎర్రటి నడుములు చూసింది. "మ్యానమామలన్నట్టు" అని ఒళ్ళోని మూట విప్పడం మొదలుపెట్టింది.

రోడ్డు పక్కన కోతులకు తిండి పెట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. కార్లు ఆపి మరీ తిట్టాను, బస్సుల్లోంచి అరిచాను. తిండి అలవాటైతే అవి రోడ్డును వదలవు, బండ్ల కింద పడతాయి.

"పెట్టొద్దు పెద్దవ్వా. నీకెన్నిసార్లు జెప్పిన?"

"దానికి సావు జేసింది నా ఇంట్లనే గదా. ఆళ్ళ పిల్ల పోయిందని ఆళ్ళకు ఎరుకనే లేదు. వియ్యపోళ్ళు ఎదురైతే ఉత్త చేతుల్తోని పోతనా?" అంది, రొట్టె తుంచుతూ. రెండు చేతుల్లోనూ రొట్టెలే. కిటికీ అద్దం తిప్పే పిడి ఆవిడకు అందడం లేదు.

నేనే అద్దం దించాను.